గిల్టు పూల బ్రోచ్‌లను నీళ్లలో ముంచకండి

సంపాదకులకు,

పాత గిల్టు నగలను సబ్బునీళ్లలో నానబెట్టి టూత్‌పేస్టుతో తోమితే కొత్తవాటిలా మెరుస్తాయని మీ చిట్కాల శీర్షికలో రాశారు. 1930ల నుంచి 1960ల దాకా వచ్చిన పూల బ్రోచ్‌లకు, అంటే బట్టలకు సూదితో గుచ్చుకునే పూల నగలకు, ఇంతకంటే హాని చేసే సలహా లేదు. దయచేసి సవరించండి.

ఆ పూల మధ్యలో పొదిగిన గాజు రాళ్ల తళుకంతా వాటి వెనకున్న పల్చటి వెండిరంగు పూతది. రాయి కూర్చునే గూట్లోకి దిగిన నీరు తేలిగ్గా బయటికి రాదు. కొన్నాళ్లకు పూత నల్లబడుతుంది, రాయి గుడ్డిదవుతుంది. అలాంటి రాయిని మార్చడం తప్ప దారి లేదు. ఇక టూత్‌పేస్టులోని గరుకు పొడి బంగారు రంగు పూతను అరగదీసి లోపలి ఇత్తడిని బయటపెడుతుంది. 1960ల నాటి పెద్ద రంగురంగుల రేకుల పూలలో చాలావాటికి ఉన్నది కొలిమిలో కాల్చిన ఎనామెల్ కాదు, మామూలు రంగే. గోళ్లరంగు తుడిచే ద్రవం తగిలితే ఊడిపోతుంది.

సరైన పద్ధతి ఇది. బ్రోచ్‌ను బోర్లా పట్టుకుని, పొడి మెత్తని బ్రష్‌తో దుమ్ము కిందికి రాలేలా దులపాలి. లోహం మీద మాత్రమే, తడిపి గట్టిగా పిండిన కాటన్ బడ్‌తో తుడవాలి. రాళ్లను ముట్టుకోకూడదు. ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటే ముందు చెక్క టూత్‌పిక్‌తో గీకి, మిగిలినదాన్ని వెనిగర్ అద్ది పిండిన బడ్‌తో తీసి, వెంటనే మంచినీటి బడ్‌తో తుడిచి ఆరబెట్టాలి. ముత్యాల మీద వెనిగర్ పడనివ్వకండి. ఆరేటప్పుడూ బ్రోచ్ బోర్లాగానే ఉండాలి.

కొనేటప్పుడు పువ్వు అందం తర్వాత చూడొచ్చు, ముందు వెనక్కి తిప్పండి. సూది కీలు దగ్గర బూడిదరంగు టంకం ముద్ద ఉంటే తర్వాత ఎవరో అతికారన్నమాట. సూదినీ కొక్కేన్నీ ఇలా మార్చి ఉండవచ్చు, కాబట్టి కొక్కెం ఒక్కదాన్ని చూసి కాలం నిర్ణయించకండి. ముద్రలు ఎక్కువ చెబుతాయి. 1942లో అమెరికాలో యుద్ధ అవసరాల కోసం తగరం వంటి లోహాలపై ఆంక్షలు రావడంతో తయారీదారులు వెండి వైపు మళ్లారు. అప్పటి పూలమీద వెండిని సూచించే ‘స్టెర్లింగ్’ అనే ముద్ర తరచూ కనిపిస్తుంది. గిల్టు నగ డిజైన్‌కూ కాపీరైట్ వర్తిస్తుందని ట్రిఫారీ అనే గిల్టు నగల కంపెనీ దావాలో 1955లో అక్కడి కోర్టు తీర్పిచ్చింది. వృత్తంలో ‘సి’ గుర్తు గిల్టు నగల మీద మామూలైపోయింది ఆ తర్వాతే. ఇంద్రధనుస్సు రంగులు చిందే అరోరా బోరియాలిస్ రాళ్లు కూడా 1950ల నడుమ వచ్చినవే. అవి పొదిగిన పువ్వును ‘1930ల నాటిది’ అని అమ్మితే నమ్మవద్దు. ముద్ర లేనంత మాత్రాన తీసిపారేయనక్కర్లేదు. అమెరికా నగల రూపకర్త మిరియం హాస్కెల్ తొలినాటి నగల మీద పేరు ముద్రే ఉండదు. తీగతో ఒక్కో పూసనూ జల్లెడలా చిల్లులున్న రేకుకు కుట్టిన పనితనమే వాటికి ముద్ర.

కోరో కంపెనీ ‘క్వివరింగ్ కెమెల్లియా’ వంటి బ్రోచ్‌లలో పువ్వు కింద చుట్టతీగ స్ప్రింగు ఉంటుంది. మెల్లగా కదిపితే పువ్వు వణకాలి. వణకకుండా ఒరిగి ఉంటే లాగి నిలబెట్టకండి, అలసిన తీగ పుటుక్కున తెగుతుంది.

రాయి ఊడితే సూపర్ గ్లూ వాడేస్తారు. దాని ఆవిరి పక్క రాళ్ల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, ఎండిన జిగురు పెళుసుబారి మళ్లీ ఊడుతుంది. పాత జిగురు పూర్తిగా గీకి, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురును సూది మొనంత పెట్టి, 24 గంటలు కదపకుండా ఉంచండి. ఎక్కువైతే అది అంచుల్లోంచి పైకి ఉబుకుతుంది. కొత్త రాయిని మిల్లీమీటర్ లెక్కన కొలిచి తేవాలి. మిల్లీమీటర్‌లో పదోవంతు తేడా వచ్చినా గూట్లో ఆడుతుంది, లేదా పైకి తేలుతుంది. కొత్త రాయి మెరుపు పాతవాటి పక్కన ఎబ్బెట్టుగా కనిపిస్తుంది కనుక, విరిగిపోయిన పాత బ్రోచ్‌ల రాళ్లే దాచుకోవడం మేలు.

ప్లాస్టిక్ పువ్వును గుర్తించడానికి కాల్చిన సూదితో గుచ్చి చూడమని కొందరంటారు. అది సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అయితే భగ్గున మండుతుంది. గోరువెచ్చని నీటిలో తడిపిన బట్టతో వెనకవైపు రుద్ది వాసన చూస్తే చాలు. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. పాతబడ్డాక దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి పక్కనున్న లోహాన్ని తినేస్తుంది, అందుకే వాటిని గాలి ఆడే వేరే పెట్టెలో ఉంచాలి.

ఈ సవరణను అదే శీర్షికలో ప్రచురించగలరని కోరుతున్నాను.

— ఒక సేకర్త