ఐడీపీ ముసాయిదా: శుక్రవారం సాయంత్రం లోపు

అందరికీ నమస్కారం. మన యూనివర్సిటీ ఐడీపీకి, అదే సంస్థాగత అభివృద్ధి ప్రణాళికకు, ప్రతి విభాగం నుంచి రెండు పేజీలు కావాలి. 2020 జాతీయ విద్యావిధానం ప్రతి సంస్థనూ ఇది వేసుకోమంది. ఉన్నత విద్యాసంస్థల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్లు కూడా వ్యూహమే కాదు, దాని అమలూ అడుగుతారు. ఆ అమలు దగ్గరే మనకు చిక్కు. పోయినసారి 'ప్రపంచస్థాయి పరిశోధన కేంద్రం' అని రాసుకున్నాం, ల్యాబ్‌లో హానికర వాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్ హుడ్ మాత్రం ఇంకా రిపేరుకు నోచుకోలేదు.

ఈసారి ఎన్ని పోస్టులు ఖాళీ, ఎవరెప్పుడు రిటైరవుతున్నారు, ఏ కోర్సు ఆపాలి, ఏది మొదలెట్టాలి అన్నవే రాయండి. ప్రతి పనికీ గడువు, బాధ్యత ఎవరిది, డబ్బు ఎక్కణ్ణుంచి అన్నవి ఉండాలి. బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు అని రాసే ఆ పాత స్వాట్ పట్టిక దయచేసి మళ్లీ అతికించకండి సార్, తేదీలతో సహా దొరికిపోతున్నాం. రీసెర్చ్ స్కాలర్లనూ ఒక మాట అడగండి.

ఫైలు నాకు మెయిల్ చేయండి. ఈ గ్రూపులో పెడితే గుడ్ మార్నింగుల కింద పడిపోతుంది.