మా అమ్మ గుండె లయ తప్పినప్పుడు ఆదుకున్నవారికి

అమ్మ నిన్న సాయంత్రం ఇంటికి వచ్చింది. నాకింకా కంటి నిండా నిద్ర లేదు కానీ, ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయకపోతే మనసు కుదుటపడదు.

ఫ్లూ జ్వరం తగ్గి, దగ్గు కూడా నెమ్మదించిందనుకుంటున్న సమయంలో అమ్మకు గుండెదడ మొదలై, నాడి నిమిషానికి 150 దాటి ఒక వరుస లేకుండా కొట్టుకుంది. వైరస్ జ్వరం తర్వాత కొందరిలో గుండె పై గదులు సరిగా ముడుచుకోక వణుకుతాయని, దానిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారని గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. ఆ క్షణంలో నాకేమీ బోధపడలేదు.

బోధపరిచినవారు ఈసీజీ తీసిన టెక్నీషియన్‌గారు. రాత్రి డ్యూటీ ముగించుకుని హెల్మెట్ పట్టుకుని ఇంటికి బయలుదేరిన ఆయన, ఐసీయూ బయట నన్ను చూసి ఆగి, నా పక్కన నేల మీదే కూర్చున్నారు. ఒక తెల్ల కాగితం అంచును గ్రాఫు మీద ఆనించి, గుండె కొట్టుకున్న ప్రతిసారీ పడే నిలువు గీతల్లో వరుసగా మూడింటి దగ్గర పెన్నుతో గుర్తులు పెట్టి, కాగితాన్ని ముందుకు జరిపారు. గుర్తులు తర్వాతి గీతలతో కలవలేదు. "చూశారామ్మా, గుండె ఆగిపోలేదు, లయ తప్పింది. సరిచేయడానికి మార్గాలున్నాయి, డాక్టర్లు ఆ పని మీదే ఉన్నారు" అన్నారు. అంతవరకు బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటతో కట్టలు తెంచుకుంది. నేను తేరుకునేదాకా ఆయన అక్కడి నుంచి లేవలేదు.

లయ తప్పి ఎక్కువ కాలమైతే గుండెలో రక్తం గడ్డకట్టవచ్చట. దడ ఎప్పుడు మొదలైందో కచ్చితంగా తెలియదు కనుక, గొంతు ద్వారా గొట్టం పంపి గుండెలో రక్తం గడ్డ లేదని నిర్ధారించుకున్నాకే, మత్తిచ్చి, లయ సరిచేయడానికి కరెంటు షాక్ ఇచ్చారు. ఆ తర్వాత తీసిన గ్రాఫు మీద ఆయనే మళ్ళీ కాగితం జరిపి చూపించారు. ప్రతి గుర్తూ కలిసింది. ఆయన పేరైనా అడగలేకపోయాను.

మొదట వెళ్ళిన ఆసుపత్రిలో జ్వరం తాలూకు నీరసమేనని బలం మాత్రలిచ్చి పంపేశారు. ఈసీజీ యంత్రం అక్కడే, గుడ్డ కప్పి ఉంది. రాత్రిపూట తీసే మనిషి లేడట. నిమిషాల్లో అయ్యే పరీక్ష కోసం దడతో ఉన్న మనిషిని ఊరు దాటించవలసి రావడం అన్యాయం. ఈ మాట అనకుండా ఉండలేను.

అన్నయ్య, వదిన, మావారు వంతులవారీగా కాపలా ఉన్నారు. కనీసం నెల రోజులు వాడవలసిన రక్తం పలచబరిచే మాత్రల లెక్క ఇప్పుడు వదినే చూస్తోంది.

పక్క మంచం తాలూకు మాచర్ల అమ్మగారు తన క్యారేజీలోని పెరుగన్నం నాకు పెట్టారు. అర్ధరాత్రి బేరమాడకుండా తీసుకెళ్ళిన ఆటో అబ్బాయికి, వార్డు ఆయాగారికి కూడా నమస్కారాలు. అయ్యో, మందుల షాపు ఆయనను మరిచాను: చిల్లర లేకపోతే రేపిద్దురులెమ్మని మందులిచ్చి పంపారు, ఆయనకూ.