ఆ ప్రవక్తగారి సంగతి, అమ్మా

ప్రియమైన అమ్మకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామమున మీ అందరికీ వందనములు. ఇక్కడ కువైట్‌లో నేను క్షేమంగానే ఉన్నాను. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు నడుస్తున్నాయి, అంతకంటే రాయవలసింది లేదు.

మన పేటకు వచ్చిన బోధకుడు తాను ప్రవక్తననీ, ప్రభువు పంపిన అపొస్తలుడిననీ చెప్పుకుంటూ, వంటింటి రేకులకు దాచిన సొమ్మును కానుకగా ఇమ్మన్నాడని ఫోనులో చెప్పావు. కాదంటే శాపం తగులుతుందేమోనని నువ్వు భయపడుతున్నావు. కువైట్ వెళ్ళాక దైవజనులను ఎదిరించడం నేర్చిందని అక్క అంటుందని తెలుసు. డ్యూటీ లేని శుక్రవారం తెలుగు ఆరాధన నేను మానలేదు, ఇదంతా బైబిలు ముందు పెట్టుకునే రాస్తున్నాను.

లూకా 6వ అధ్యాయంలో ప్రభువు చాలామంది శిష్యులను పిలిచి, వారిలో పన్నెండుగురిని ఏర్పరచి వారికే అపొస్తలులని పేరు పెట్టాడు. ప్రభువును పట్టించిన ఇస్కరియోతు యూదా స్థానంలో మత్తీయను తీసుకున్నప్పుడు, యోహాను బాప్తిస్మం నాటి నుంచి ప్రభువు ఆరోహణం వరకు తమతో తిరిగినవాడై, పునరుత్థానానికి సాక్షి కాగలవాడై ఉండాలని పేతురు షరతు పెట్టాడు. ఆ తరువాత పౌలును, బర్నబాను కూడా అపొస్తలులన్నారు, నిజమే. అయితే పౌలు సైతం తాను ప్రభువును చూశానని చెప్పుకోవలసి వచ్చింది. మన పేటకు వచ్చినాయన ఏ సాక్ష్యం చెప్పాడు?

ప్రవక్తల సంగతి వేరు. యెరూషలేము నుంచి అంతియొకయకు వచ్చిన అగబు గొప్ప కరవు రాబోతున్నదని చెప్పాడు, అది క్లౌదియ చక్రవర్తి కాలంలో వచ్చింది. అతని మాట విన్న శిష్యులు ఎవరి శక్తి కొలది వారు సొమ్ము పోగుచేశారు గానీ, అమ్మా, అది అగబు సంచిలోకి పోలేదు, బర్నబా, సౌలుల (ఈ సౌలే పౌలు) చేతుల మీదుగా యూదయలోని సహోదరులకు వెళ్ళింది. ఫిలిప్పు కుమార్తెలు నలుగురూ ప్రవచించేవారు, వారు కానుక అడిగారని ఎక్కడా లేదు. ప్రవక్తలు ఇద్దరు ముగ్గురు మాట్లాడితే తక్కినవారు వివేచించాలని పౌలు కొరింథీయులకు రాశాడు కనుక, వివేచిస్తే శాపం తగలదు.

తమ్ముడి పరీక్ష ఫీజు పంపాను, అందిందో లేదో చెప్పమను.

1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో బయటపడిన ‘దిదాఖే’ అనే పాత క్రైస్తవ గ్రంథంలో ఇంకా సూటిగా ఉంది. వచ్చిన అపొస్తలుణ్ణి ప్రభువులాగే చేర్చుకోవాలట, ఒక రోజు, అవసరమైతే రెండు రోజులు ఉంచుకోవచ్చట, మూడు రోజులున్నా, డబ్బడిగినా అబద్ధ ప్రవక్తేనట. వెళ్ళేటప్పుడు తరువాతి బస చేరేదాకా సరిపడే రొట్టె తప్ప ఏమీ తీసుకోకూడదట. ఆనాడే ఇటువంటివారు తిరిగేవారన్నమాట.

నీకు పెద్ద పేరేమీ లేదని చిన్నబుచ్చుకోకు. యొప్పేలో విధవరాండ్రకు అంగీలు కుట్టిపెట్టిన దొర్కాను లేఖనం శిష్యురాలు అంది, నువ్వు సగం కూలికి, ఒక్కోసారి ఊరికే కుట్టిచ్చే జాకెట్లు నాకు తెలియనివా? నీ మోకాలి నొప్పికి నూనె పంపుతున్నాను, రాత్రిళ్ళు మిషను తొక్కకు.

వానలు పడకముందే రేకులు వేయించు. ఆయన మళ్ళీ వస్తే కడుపునిండా అన్నం పెట్టు, డబ్బు మాటెత్తితే నాన్నగారితో మాట్లాడమని చెప్పు.

ఇట్లు,
నీ చిన్న కూతురు