డి డ్రైవ్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టు కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు ఆపేసిన దగ్గర్నుంచి మా తెనాలిలో డీటీపీ షాపుల వాళ్లం ఒకరి తర్వాత ఒకరం విండోస్ 11 వేయించుకుంటున్నాం. నేనూ వేయించాను. పదకొండేళ్ల పని ఒక్క మధ్యాహ్నంలో పోయింది. ఇంకొకరికి ఇలా జరగకూడదనే ఈ ఉత్తరం.

నాది అసెంబుల్డ్ సిస్టమ్. బోర్డు, ప్రాసెసర్ ఆ మధ్య మార్చాను, హార్డ్‌డిస్క్ మాత్రం పాతదే. వచ్చిన కుర్రాడు "సి ఒక్కటే ఫార్మాట్ కొడతానండీ, డి జోలికి పోను" అన్నాడు. ఇన్నేళ్లూ అలాగే చేయించుకున్నాం, డిలో పడేస్తే భద్రమని మనందరి నమ్మకం, నేనూ సరే అన్నాను. కానీ ఆ డిస్క్‌ని వాటాలు వేసింది ఎంబీఆర్ అనే పాత పద్ధతిలో. విండోస్ 11కి యూఈఎఫ్ఐ (సిస్టమ్ ఆన్ కాగానే విండోస్‌ని లేపే ప్రోగ్రామ్, పాత బయోస్‌కి కొత్త రూపం) కావాలి, దానికి డిస్క్ జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉండాలి. సగంలో "ఈ డిస్క్ మీద వేయడం కుదరదు" అని మెసేజ్ వచ్చింది. ఆ అబ్బాయి నన్ను అడక్కుండానే ఉన్న పార్టిషన్లన్నీ డిలీట్ చేశాడు. సి, డి, ఇ మూడూ పోయి స్క్రీన్ మీద "అన్‌అలొకేటెడ్ స్పేస్" అని ఒకే ఒక్క వరస మిగిలింది. మూడూ ఒకే డిస్క్‌లో గీసుకున్న వాటాలే కదా, పోతే అన్నీ కలిసే పోతాయి. డేటా పోకుండా మార్చే ఎంబీఆర్2జీపీటీ టూల్ విండోస్‌లోనే ఉందని నాకు తర్వాత తెలిసింది. అది వాడాలన్నా ముందు బ్యాకప్ ఉండాల్సిందే.

రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొన్ని ఫైళ్లు వచ్చాయి, పేర్లు లేకుండా. తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు. 'అను' అనే తెలుగు ఫాంట్లు కూడా పోయాయి మరి, అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనపడే పద్ధతి) కావు, ఫాంట్ లేకపోతే ఫైలు చదవలేం. పెళ్లి కార్డులంటే మళ్లీ చేసుకోవచ్చు. ఒక పెద్దాయన తన తల్లి మీద రాసుకున్న పద్యాలు నా దగ్గరే టైప్ చేయించి, ఆ తర్వాత కాలం చేశారు. ఆ ఫైలు ఇంకా దొరకలేదు. వాళ్లబ్బాయి రెండుసార్లు వచ్చి అడిగి వెళ్లాడు.

కంపెనీ ల్యాప్‌టాప్‌లకైతే చాలావాటికి విండోస్‌ని తిరిగి వేసుకోవడానికి రికవరీ పార్టిషన్ ఉంటుంది, డ్రైవర్లన్నీ (ఒక్కో భాగాన్ని పనిచేయించే సాఫ్ట్‌వేర్లు) ఒకే సైట్‌లో దొరుకుతాయి. మనదాంట్లో బోర్డు ఒక కంపెనీది, గ్రాఫిక్స్ కార్డు ఇంకోదానిది. అందుకే నెట్‌వర్క్ డ్రైవర్ ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, అది లేక నెట్ రాకపోతే మిగతావి డౌన్‌లోడ్ చేసుకోవడానికీ దారుండదు. డెస్క్‌టాప్ మీద పెట్టినవి సి డ్రైవ్‌లోనే ఉంటాయని మర్చిపోకండి. అవీ, డాక్యుమెంట్లూ, ఫాంట్లూ, ట్యాలీ డేటా ఫోల్డరూ విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయిపోయిందని ఊరుకోకుండా వేరే కంప్యూటర్‌కి తగిలించి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. తర్వాత ఆ డిస్క్ పీకేసి బీరువాలో పెట్టేయండి. సిస్టమ్‌లో రెండో డిస్క్ ఉంటే పని అయ్యేదాకా దాని కేబుల్ తీసేయించండి. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, బయోస్‌లో మార్పులు చేస్తే అది అడగొచ్చు.

మీ పేపర్లో విండోస్ 11 ఎలా వేసుకోవాలో రాసేటప్పుడు దయచేసి బ్యాకప్ సంగతి మొదటి పేరాలోనే వేయండి. చివర్లో వేస్తే అక్కడిదాకా చదివేలోపే సిస్టమ్ షాపుకి వెళ్లిపోతుంది.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్, తెనాలి