కృతజ్ఞతలు: బుజ్జిగాడి నడుము గొలుసు విప్పించిన అందరికీ

కడపలో ఒక ఇంట్లో నాలుగేళ్ళు పెరిగి, పెరట్లో గొలుసు మీద బతికిన మగకోతి, బుజ్జిగాడు, మొన్న తెల్లవారుజామున అటవీ శాఖ బండి ఎక్కాడు. ఎక్కేటప్పుడు నడుముకు గొలుసు లేదు. ఆ పని పూర్తయ్యేదాకా వెంట నిలబడినవాళ్ళు చాలామంది. పేర్లు వద్దని వాళ్ళే అన్నారు కాబట్టి పేర్లు రాయడం లేదు. ఎవరు ఏం చేశారో మాత్రం వివరంగా రాస్తున్నాం. కోతిని ఇంట్లో పెట్టుకుని, ఇక సాకలేక, ఎవరికి చెప్పాలో తెలియక సతమతమయ్యే కుటుంబాలు సీమలో ఇంకా ఉన్నాయి. ఇది వాళ్ళ కంట పడాలి.

మొదటి దండం ఆ ఇంటి అమ్మకే. గువ్వలచెరువు ఘాట్‌లో లారీ తగిలి తల్లికోతి చనిపోతే, దాని పొట్టను పట్టుకుని వదలని పిల్లను ఇంటికి తెచ్చి బతికించింది ఆమె. ఆ వయసు పిల్లను బతికించడం తేలిక కాదు. ఒళ్ళు చల్లబడి ఉన్నప్పుడు పాలు పడితే అరగవు, ముందు వెచ్చబెట్టాలి. ఆమె గుడ్డ చుట్టిన వేడినీళ్ళ సీసా పక్కన పెట్టి, ఒళ్ళు వెచ్చబడ్డాకే పాలు పట్టింది. పసిపిల్లల పాలపొడిని డబ్బా మీద రాసిన కొలత ప్రకారమే కలిపి, గోరువెచ్చగా, రెండు గంటలకోసారి కొంచెం కొంచెంగా పట్టింది. అన్నిటికంటే ముఖ్యం, వెల్లకిలా పడుకోబెట్టలేదు. కోతిపిల్ల తల్లి రొమ్మును కరుచుకుని నిటారుగా, బోర్లా ఉండి తాగుతుంది. మనం మన బిడ్డను పట్టుకున్నట్టు వెల్లకిలా పెట్టి పడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. చేతుల్లో పెరిగే పిల్లలు ఎక్కువగా పోయేది ఇలాగే. చుట్టిన టవలును పట్టుకోనిచ్చి తాగించాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, చూసి పట్టేసింది.

అంత ప్రేమగా పెంచినదాన్ని తానే ఫోన్ చేసి అప్పగించడానికి ఎంత మనోనిబ్బరం కావాలో మాకు తెలుసు. అమ్మా, మీకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

ఇక్కడ చట్టం సంగతి రెండు ముక్కల్లో. మన దగ్గర ఉండేది నడినెత్తి మీద వెంట్రుకలు టోపీలా విచ్చుకుని, తోక ఒంటికంటే పొడుగ్గా ఉండే జాతి. దక్షిణ భారతంలో తప్ప ఇంకెక్కడా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దీన్ని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎలా చేతికొచ్చినా సరే, 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారికో తెలపాలని అదే చట్టంలోని 39వ సెక్షను చెబుతుంది. దిక్కులేని పిల్ల కనిపిస్తే జాలిపడండి, వెచ్చబెట్టండి, కానీ ఆ రెండు రోజుల్లోనే ఫోన్ చేయండి. చాలాసార్లు మంద ఇంకా ఆ దాపులోనే ఉంటుంది. పిల్ల పెద్ద దెబ్బలు లేకుండా ఉంటే సిబ్బంది అక్కడికే తీసుకెళ్ళి చూస్తారు, మందలోని ఇంకో ఆడకోతి ఎత్తుకునే అవకాశం ఉంది. నెలలు గడిస్తే ఆ దారి మూసుకుపోతుంది.

మూడేళ్ళదాకా బుజ్జిగాడు భుజమెక్కి కూర్చునేవాడు. నాలుగో ఏడు నడుస్తుండగా కోరలు దిగాయి. మగకోతికి ఇది మామూలే. ముదిరితే ఏడెనిమిది కిలోలు దాటుతుంది, పై కోరలు కత్తుల్లా ఉంటాయి, బోనులో ఉంచితే ముప్ఫై ఏళ్ళదాకా బతకగలదు. కోతి ప్రతి ఇంటిని మంద లెక్కనే చూస్తుంది. ఎవరు పైన, ఎవరు కింద అని తేల్చుకుంటుంది. తనకంటే కింద అనుకున్నవాళ్ళ మీదకు, అంటే పిల్లల మీదకు, ముసలివాళ్ళ మీదకు ముందు ఎగబడుతుంది. పెంచిన తల్లిని ఏమీ అనదు, అందుకే ఇంటివాళ్ళు చాలాకాలం నమ్మరు. కోరలు పీకించండి, కత్తిరించండి అని సలహా ఇచ్చేవాళ్ళున్నారు. అది హింస, ఫలితమూ లేదు. ముందరి పళ్ళతోనూ వేలు తెగేలా కొరకగలదు.

ఆ ఇంటి పాప చేతికి గాయమైనప్పుడు ప్రభుత్వాసుపత్రిలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ గారికి మా రెండో దండం. పాప చేతిని కొళాయి కింద పెట్టి, సబ్బు రాస్తూ, గడియారం చూసుకుంటూ పూర్తి 15 నిమిషాలు కడిగారు. పక్కనున్నవాళ్ళు సున్నం, కారం అంటుంటే ఆపారు. రక్తం కారిన గాయం కాబట్టి రేబిస్ టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే సూదిమందు) వేయించారు, కుట్లు వెంటనే వేయనివ్వలేదు. టీకా చర్మంలోకి వేసే పద్ధతిలో అదే రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో, ప్రతిసారీ రెండు చోట్ల. పాప తేదీలు మరిచిపోకుండా చీటీ రాసి ఇంటి తలుపుకు అంటించమన్నారు. మన కోతి బయట తిరగదు కదా, పిచ్చికుక్క కరవలేదు కదా అని వదిలేయకూడదు. గొలుసుకు కట్టినది పారిపోయే వీలుండదు కాబట్టి వీధికుక్కకు అందే అవకాశం దానికే ఎక్కువ. కోతుల లాలాజలంతో వచ్చే బి వైరస్ అని ఇంకొకటి ఉంది. మనిషికి సోకడం అరుదు, సోకితే మెదడుకు ప్రమాదం. కంట్లో ఉమ్మి పడినా వెంటనే నీళ్ళతో బాగా కడిగి డాక్టరుకు చూపించాల్సింది అందుకే.

అటవీ శాఖ బీటు ఆఫీసర్ అన్న వచ్చిన రోజు చేసింది చూసి నేర్చుకోవాల్సిన విషయం. కర్ర తేలేదు, వల తేలేదు. ఇంట్లో ఆ అమ్మను తప్ప అందర్నీ లోపలికి పంపించి, గొలుసు అందనంత దూరంలో పక్కకు తిరిగి కింద కూర్చున్నాడు. కళ్ళలోకి సూటిగా చూడలేదు, కోతికి అది కయ్యానికి పిలుపు. బుజ్జిగాడు పళ్ళన్నీ కనిపించేలా ఇకిలిస్తే పక్కింటి పిల్లలు నవ్వుతున్నాడని కేకలేశారు. అది నవ్వు కాదు, భయం. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకెత్తి చూస్తేనే మీదకు రాబోతున్నాడని అర్థం. పెదాలు టపటపలాడిస్తే స్నేహం. అన్న ఊరకే కూర్చుని, పెదాలు ఆడించి, బొరుగులు నేల మీద చల్లి లేచిపోయాడు. ఆ రోజు అంతే. మర్నాటి నుంచి బోను పెట్టే చోటు, వేళ అన్నీ ఆయన చెప్పినట్టే జరిగాయి.

బోను చేసిచ్చిన వెల్డింగ్ షాపు భాయ్‌కి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఇనుము డబ్బులు తప్ప కూలి ముట్టలేదు. రెండున్నర అడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు. చుట్టూ అంగుళం కన్నుల వెల్డ్‌మెష్, ఎందుకంటే రెండంగుళాల కన్నులుంటే మోచేతిదాకా చెయ్యి బయటికొచ్చి పక్కనున్నవాడి చొక్కా, జుట్టు పట్టుకుంటుంది. తలుపు పక్కకు తెరిచేది కాదు, పైకి లాగి కిందికి వదిలేది, తోక ఇరుక్కోకుండా అడుగున రబ్బరు. గడియకు తప్పకుండా తాళం: మామూలు గొళ్ళేన్ని కోతి చూసి చూసి తీసేస్తుంది. అసలు పనితనం వెనక గోడలో ఉంది. దానికి రెండు ఇనుప కడ్డీలు బిగించి, బయటి నుంచి లాగితే మెల్లగా ముందుకు జరిగేలా చేశాడు. కోతి ముందు కమ్ములకు ఆనుకుంటుంది, డాక్టరు తొడకు సూది వేయగలుగుతారు. పట్టుకోవడం, గుడ్డలో చుట్టడం, చేతులు విరవడం ఏదీ ఉండదు. కడ్డీలకు రెండు చోట్ల రంధ్రాలు వేసి పిన్ను పెట్టాడు, లాగినవాడి చెయ్యి జారినా గోడ కోతి మీద నలిగేంత ముందుకు రాకుండా.

భాయ్ ఇంకొక మంచి పని చేశాడు. ఖాళీ బోనును పాత ఇనుము కాటా మీద తూచి, తలుపు మీద ఎర్ర పెయింటుతో 38 కిలోలు అని రాశాడు. మత్తుమందు కిలోకు ఇంత అని లెక్క. కోతితో సహా తూచి ఆ 38 తీసేస్తే బరువు తేలింది: 5 కిలోల 800 గ్రాములు. అంచనాతో మందు వేస్తే తక్కువైతే సగం మత్తులో కరుస్తుంది, ఎక్కువైతే ఊపిరి అందదు.

పది రోజులపాటు పూటపూటకూ బోను తలుపు తెరిచిపెట్టి అందులోనే తిండి పెట్టిన ఆ ఇంటి పెద్దాయనకు కూడా దండాలు. లోపలికెళ్ళడం అలవాటైనందుకే చివరి రోజు ఎవరూ తరమాల్సిన అవసరం రాలేదు.

పశువుల డాక్టరు గారు ఎండాకాలం కాబట్టి ఉదయం ఆరుకల్లా మొదలుపెట్టారు. మత్తులో ఒంటి వేడిని కోతి అదుపు చేసుకోలేదు, కడప ఎండలో పదింటికి చేస్తే ప్రాణం మీదకొస్తుంది. ముందురోజు సాయంత్రం నుంచి తిండి ఆపించారు. అయినా మత్తెక్కగానే ఆమె మొదట చేసింది నోరు తెరిచి రెండు బుగ్గల్లోనూ వేలితో తడమడం. కోతి తిండిని బుగ్గసంచుల్లో దాచుకుంటుంది, ఎవరూ చూడకుండా ఏరుకున్న నాలుగు శెనగగింజలు నిజంగానే ఎడమబుగ్గలో ఉన్నాయి. అవి గొంతులోకి జారితే అక్కడికక్కడే అయిపోయేది. ఈ మత్తులో కళ్ళు మూతపడవు, అందుకని కంటి ఆయింట్‌మెంట్ రాసి తడిగుడ్డ కప్పారు.

గొలుసు సంగతి చెప్పడం కష్టమే అయినా చెప్పాలి. ఏడాది పిల్లకు వదులుగా కట్టినది నాలుగేళ్ళకు బిగుసుకుంటుంది. రోజూ చూసే కంటికి తేడా తెలియదు, పైన బొచ్చు కప్పేస్తుంది. వీపు వైపు రెండు లంకెలు చర్మంలోకి దిగి, పైన కొత్త చర్మం పాకి ఉంది. డాక్టరు గారు చుట్టూ బొచ్చు గొరిగి, సెలైన్‌తో నానబెట్టి, ఒక్కో లంకె కింద పలుచని స్టీలు గరిటె కాడను దూర్చి, చర్మానికి తగలకుండా దాని మీదే కటింగ్ ప్లేయర్‌తో తుంచారు. లాగలేదు. లాగితే చర్మం ఊడి వచ్చేది. గొలుసంతా ముక్కలుగా బయటికొచ్చాక గాయం కడిగి, కట్టు కట్టకుండా వదిలారు. కట్టు కడితే లేవగానే పీకేస్తాడు, పుండు పెద్దదవుతుంది. అదే మత్తులో పై కనురెప్పలోకి చిన్న సూదితో క్షయ పరీక్ష వేశారు. 24, 48, 72 గంటలకు రెప్ప వాచిందా అని దూరం నుంచి చూస్తే చాలు, మళ్ళీ పట్టుకోనక్కర్లేదు. క్షయ మన నుంచి కోతికి అంటుతుంది, దాని నుంచి వేరే కోతులకు. ఇంట్లో పెరిగిన కోతిని ఈ పరీక్ష లేకుండా వేరే కోతుల దగ్గరికి పంపకూడదు. రెప్ప వాయలేదు.

తెలివి వచ్చేదాకా పక్కకు పడుకోబెట్టి, బోను మీద గోనెపట్టా కప్పి, చీకట్లో, సద్దు లేకుండా ఉంచారు. బోను కింద నల్ల కడప బండ, చల్లగా ఉంటుంది, బ్లీచింగ్ నీళ్ళతో కడిగేయొచ్చు. ఆ మూడు గంటలు వీధిలో లౌడ్‌స్పీకర్ ఆపిన గుడి పూజారి గారికి, బండ్లు అటు తిప్పుకున్న ఆటో అన్నలకు కృతజ్ఞతలు.

తిండి మార్చడానికి సాయం చేసిన పండ్ల మండీ అన్నకు, కూరగాయల అక్కకు ప్రత్యేకంగా చెప్పాలి. బుజ్జిగాడు నాలుగేళ్ళూ అన్నం, టీ, బిస్కెట్లు, పాలకోవా మీద బతికాడు. మనలాగే కోతి ఒళ్ళు కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు, తిండి ద్వారా అందాలి. మరిగించిన పాలు, వండిన అన్నంలో అది దాదాపు ఉండదు. చిగుళ్ళ నుంచి రక్తం, పట్టుకుంటే కీళ్ళ నొప్పితో అరవడం, ఇవి ఆ లోపం గుర్తులే. అలాగని ఒక్కసారిగా బుట్టెడు పండ్లు పెడితే విరేచనాలు పట్టుకుంటాయి. రెండు వారాలు నెమ్మదిగా మార్చారు: టీ మొదటి రోజే బంద్, బిస్కెట్లు సగానికి, ఆ స్థానంలో రోజూ సగం చీనీకాయ, ఒక జామకాయ, తర్వాత మునగాకు, తోటకూర, నానబెట్టిన శెనగలు, వారానికి రెండు ఉడికిన గుడ్లు. అక్క రోజూ మునగరెమ్మలు కొమ్మతో సహా పంపింది. ఆకు కోసి పళ్ళెంలో పెడితే ఐదు నిమిషాల్లో తినేసి మిగతా రోజంతా ఒళ్ళు గీక్కుంటూ ఊగుతాడు. కొమ్మ ఇస్తే గంట పని. బొరుగులు కూడా వరిగడ్డిలో కలిపి చల్లితే ఏరుకోవడంలోనే పూట గడుస్తుంది. గొలుసు మీద పెరిగిన కోతికి ఈ వెతుకులాట మందుతో సమానం.

అడవిలో వదిలేయొచ్చు కదా అని చాలామంది అడిగారు. లంకమల దగ్గరో, పాలకొండల్లోనో విడిచిపెడితే అక్కడి మంద కొత్తదాన్ని కొట్టి తరుముతుంది, లేదంటే నేరుగా రోడ్డెక్కి కార్ల కిటికీలు తడుతుంది. మనిషంటే భయం లేని మగకోతి చివరికి కర్రదెబ్బకో కరెంటు తీగకో బలవుతుంది. అందుకే అటవీ శాఖ వాళ్ళు బుజ్జిగాడిని ఇంట్లో పెరిగిన మరో రెండు కోతులున్న ఎన్‌క్లోజర్‌కు తీసుకెళ్ళారు. ముందు జాలీ అడ్డంగా పక్కపక్కన, ఒకరికొకరు కనబడుతూ, వాసన తెలుస్తూ ఉంచుతారు. జాలీకి వీపు ఆనించి పేలు చూపించుకోవడం మొదలయ్యాకే మధ్య తలుపు తీస్తారు. దానికి వారాలు పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. తొందరపెట్టబోమని రేంజ్ ఆఫీసర్ గారు మాట ఇచ్చారు. సార్, మీకు చాలా చాలా కృతజ్ఞతలు. ఆ అమ్మ చూడాలనుకుంటే కొన్నాళ్ళు ఆగమన్నారు. ఆమె గొంతు వినబడితే వాడు మిగతా రెండింటినీ వదిలి జాలీ దగ్గరే కూర్చుంటాడట. ఆమె సరేనంది.

బోను కడిగి, బ్లీచింగ్ కొట్టి, ఎండలో ఆరబెట్టి భాయ్ షాపు వెనక రేకుల షెడ్డులో ఉంచాం. కడప, ప్రొద్దుటూరు, రాయచోటి వైపు ఎవరికి కావాలన్నా అటవీ సిబ్బందిని వెంటబెట్టుకుని వచ్చి తీసుకెళ్ళొచ్చు, అద్దె లేదు. ఎత్తడానికి ఇద్దరు కావాలి. తలుపు మీద రాసిన 38 కిలోలు తాళంతో కలిపి, వేరే తాళం వేస్తే మళ్ళీ తూచుకోండి.