తెర లేవకముందే చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

నగరం పేజీల్లో రవీంద్రభారతి ఫొటోలు తరచూ చూస్తుంటాం. జ్యోతి వెలిగిస్తున్న ముఖ్య అతిథి, శాలువా కప్పుతున్న నిర్వాహకులు, కింద ‘నాటకం ప్రేక్షకులను అలరించింది’ అని ఒక్క ముక్క. రాసిందెవరో, వేషం కట్టిందెవరో ఉండదు. పైగా నిన్న సాయంత్రం నాటకం ఉందన్న సంగతి మాకు తెలిసేది ఇవాళ పొద్దున ఆ ఫొటో చూశాకే.

హైదరాబాద్‌లో తెలుగు నాటకానికి జనం రావడం లేదంటారు. తెలిస్తే కదా వచ్చేది! సినిమాలకు శుక్రవారం ఎంత జాగా ఇస్తారో అందులో పావు వంతు చాలు, ‘ఈ వారం నాటకాలు’ అని వేయండి. ఏ నాటకం, ఆడేది ఏ నాటక సమాజం, ఎక్కడ, ఎన్నింటికి, టికెట్టా ఉచితమా చెప్పండి. అంతకు ముందు ఆ ప్రదర్శన చూసినవారి చేత చూడదగ్గదో కాదో నిర్మొహమాటంగా రాయించండి.

నన్నడిగితే, పిల్లలున్నవాళ్లు ముందు సురభి వారి ‘మాయాబజార్’ చూడాలి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన కుటుంబ రంగస్థలం అది. మిగతా చోట్ల మగవాళ్లే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో ఆ ఇంటి ఆడవాళ్లు వేదికెక్కారు. రంగులద్దిన తెర చుట్టుకుంటూ పైకి వెళ్లగానే అడవి పోయి రాజసభ వస్తుంది. తీగల మీద రెండు బాణాలు ఎదురెదురుగా దూసుకొచ్చి నడుమ ఢీకొని నిప్పురవ్వలు రాలతాయి. ఫోన్లో ఎన్ని యుద్ధాలు చూసిన పిల్లలైనా ఆ క్షణాన కుర్చీలో కూర్చోరు.

పెద్దలకైతే ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1909లో గురజాడ పెంచి, తిరగరాసి అచ్చువేసిన పాఠం పూర్తిగా ఆడాలంటే చాలా గంటలు పడుతుంది కాబట్టి కుదించి ఆడతారు. ఏ సమాజం ఏం తీసేసింది, మధురవాణిని నిలబెట్టిందా లేక గిరీశం చమత్కారాలతో సరిపెట్టిందా అన్నది చూసినవారే చెప్పాలి. పత్రికలో సమీక్ష కావాలని అడిగేది అందుకే. పద్యనాటకం సంగతి వేరే చెప్పాలా? తిరుపతి వేంకట కవుల రాయబార ఘట్టంలో హార్మోనియం శ్రుతి అందుకున్నాక ‘చెల్లియో చెల్లకో’ ఎత్తుకుంటే ‘వన్స్‌మోర్’ అనని హాలుండదు. గంటలో ముగిసే సాంఘిక నాటికలూ ఉన్నాయి, కొత్త రచయితలకు అవే ఆసరా.

ఇంకొకటి. ఆహ్వానపత్రంలో ఆరు గంటలని ఉంటుంది, ఉపన్యాసాలు, సన్మానాలు ముగిసి తెర లేచేసరికి ఎనిమిది కొట్టినా ఆశ్చర్యం లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచో కూకట్‌పల్లి నుంచో వచ్చినవాళ్లు ఆఖరి మెట్రో అందదేమోనని సగంలో లేస్తారు. రిహార్సళ్లకు ఆఫీసు సెలవులు ధారపోసిన నటులు అప్పుడు ఖాళీ కుర్చీలకు ఆడుతున్నారు. ఇది చాలా అన్యాయం. సభ వేళ వేరుగా, నాటకం వేళ వేరుగా మీరు అచ్చువేస్తే నిర్వాహకులు ఆ మాటకు కట్టుబడక తప్పదు.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి జయంతి నాడు, తెలుగు నాటకరంగ దినోత్సవమని వ్యాసాలు వేస్తున్నారు, సంతోషం. మిగతా వారాలకు పెద్ద శ్రమేమీ లేదు. రవీంద్రభారతి, చిక్కడపల్లి త్యాగరాయ గానసభ, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం, బంజారాహిల్స్ లామకాన్ లాంటి చోట్ల కార్యక్రమాలు ముందే ఖరారవుతాయి. మీ విలేకరి బుధవారం నాలుగు ఫోన్లు చేస్తే శుక్రవారానికి జాబితా తయారవుతుంది. వచ్చే వారం నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్