నెత్తుటి బట్టలు నల్ల కవర్లో చుట్టి చేతిలో పెడతారా?

ఆసుపత్రి జనరల్ మేనేజర్ గారికి,

విషయం: ఎమర్జెన్సీలో పేషెంట్ బట్టలు, వస్తువులు అప్పగించిన తీరుపై ఫిర్యాదు.

అయ్యా,

పోయిన నెల మా తమ్ముడి బైకును లారీ గుద్ది ఆగకుండా వెళ్లిపోయింది. మీ ఎమర్జెన్సీకే తెచ్చాం. వైద్యానికి వంక పెట్టను. నా ఫిర్యాదంతా బట్టల గురించే.

వాణ్ణి థియేటర్‌కి తీసుకెళ్లగానే ఆయా వచ్చి మా అమ్మ చేతిలో నల్ల క్యారీబ్యాగ్ పెట్టి, "మీవాడి సామాన్లమ్మా, చూసుకోండి" అని వెళ్లిపోయింది. లిస్టు లేదు, సంతకం లేదు. కత్తిరించిన ప్యాంటు, రక్తంతో ముద్దయిన బనీను, వాటి మధ్యలోనే ఫోను, పర్సు, వెండి గొలుసు. ప్యాంటు మడతల్లో హెడ్‌లైటు గాజు పెంకులు. కవరు అడుగు చిరిగి వెయిటింగ్ హాల్లో కుర్చీ మీదా నేల మీదా కారింది. హౌస్‌కీపింగ్ అబ్బాయి తడి మాపుతో ఒక్కసారి తుడిచి, అదే మాపుతో హాలంతా తుడుచుకుంటూ పోయాడు. రక్తం ఒలికితే గ్లౌజులు వేసుకుని, కాగితం కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) పోసి, కాసేపాగి తీయాలని మీ గోడమీద చార్టే ఉంది మరి!

ఎవరూ ఏమీ చెప్పకపోవడంతో అమ్మ ఇంటికెళ్లి వట్టి చేతులతో ఉతికింది. గాజు పెంకు వేలికి దిగింది. రక్తం ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతుకుతుందని డాక్టరు చెప్పాక తమ్ముడి రిపోర్టుల కోసం వస్తే, ఈ కౌంటరు నుంచి ఆ కౌంటరుకు తిప్పారు. చివరికి నెగెటివ్ అన్నారు, బతికిపోయాం.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి. ఎమ్మెల్సీ, అంటే పోలీసులకు తెలపాల్సిన మెడికో-లీగల్ కేసని రాసింది మీరే. ఢీకొట్టి పారిపోయిన కేసులో బట్టలకు అంటిన పెయింటు, టైరు గుర్తులు సాక్ష్యం. వాటిని నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో సీలుచేసి పోలీసులకివ్వాలి. ప్లాస్టిక్‌లో కుక్కితే తడికి పాడవుతాయి. కానిస్టేబుల్ వచ్చి అడిగేసరికి మా దండెం మీద ఉతికిన బట్టలున్నాయి.

పోలీసు కేసు కాకపోతే బట్టలు కావాలా అని ఇంటివాళ్లను అడగండి. వద్దంటే, 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం పసుపు సంచిలోకి పోవాలి. కావాలంటే కారని కవరు మీద మరో కవరు వేసి మూతి కట్టి ఇవ్వండి. గ్లౌజులతో ముట్టుకోమని, ముందు చన్నీళ్లలో జాడించి తర్వాత విడిగా వేడినీళ్లలో సర్ఫుతో ఉతకమని ఒక చీటీ జతచేస్తే మీకు పోయేదేముంది? ఫోను, పర్సు, నగలు తుడిచి వేరేగా, లిస్టు మీద సంతకం తీసుకుని ఇవ్వాలి.

ఆయాను మాత్రం ఏమీ అనకండి. ఆమె చేతులకూ గ్లౌజుల్లేవు. సిబ్బందికి హెపటైటిస్ బి టీకా వేయించడం అవే నిబంధనల ప్రకారం మీ బాధ్యత. ఆమెకు వేయించారో లేదో జవాబులో రాయండి.

బట్టలు సీలు చేయకుండా మీరే మా చేతికిచ్చారని పోలీసు స్టేషన్‌కు ఈ వారంలోగా లెటరు ఇవ్వాలి. లేదంటే రేపు ఆ లారీ దొరికినా, సాక్ష్యం చెరిపేసింది మేమేనని వాళ్ల లాయరు అంటాడు.

ఇట్లు,
పేషెంట్ అన్న